ఆ గీత ఒక అనుమానం

బంతి ప్యాడ్‌కి తగిలి ఆగిపోయింది. ఆగకపోయి ఉంటే ఎక్కడికి వెళ్లేదో కాసేపట్లో పెద్ద తెరమీద చూపిస్తారు. స్టేడియం అంతా తలలెత్తి చూస్తుంటుంది. బౌలర్ చేతినుంచి గీత బయల్దేరుతుంది, పిచ్ మీద పడి లేస్తుంది, ప్యాడ్‌ను దాటుకుని వెళ్లి లెగ్ స్టంప్ అంచును గీరుతుంది. పక్కనే ‘అంపైర్స్ కాల్’ అని, అంటే మైదానంలో అంపైర్ ఇచ్చిన తీర్పే నిలుస్తుందని, పడుతుంది. ఇక గోల మొదలు: కళ్లెదుట వికెట్‌కి తగులుతున్నట్టు కనబడుతుంటే ఔట్ ఇవ్వరేంటి? ఈ ప్రశ్నలో ఒక్క మాట తప్పు. కళ్లెదుట ఏదీ కనబడలేదు. ప్యాడ్ తర్వాత ఆ బంతి ప్రయాణాన్ని ఏ కెమెరా చూడలేదు. చూడ్డానికి అసలు ఆ ప్రయాణమే జరగలేదు. మన తర్కశాస్త్రం తెలుసుకునే దారుల్లో ముందు ప్రత్యక్షాన్ని చెబుతుంది, తర్వాత అనుమానాన్ని. కొండమీద పొగ చూసి అక్కడ నిప్పుందని తేల్చుకోవడం అనుమాన ప్రమాణం. శాస్త్రంలో గట్టి ఆధారంగా నిలిచిన ఆ మాటకు వాడుక తెలుగులో సందేహమనే అర్థం స్థిరపడిపోయింది. తెరమీది గీతకు ఈ రెండు అర్థాలూ వర్తిస్తాయి. అది లెక్కకట్టి తేల్చుకున్న సంగతి, అందుకే కొంత సందేహాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. క్రికెట్ బంతి నుంచి చంద్రుడి మీద దిగే ల్యాండర్ దాకా, పొడవు వెడల్పు ఎత్తులున్న లోకంలో కదిలే దేన్ని కొలిచినా ఇదే వరస. ఆ సందేహం ఎంతో పక్కనే రాసిపెట్టడం కొలతకు లోటు కాదు, కొలతలో భాగమే. కాబట్టి జనం తిట్టుకునే ఆ ‘అంపైర్స్ కాల్’ అన్న ముక్కే తెర మొత్తంమీద నిజాయతీ ఉన్న మాటని నా వాదన.

ముందు ఆ గీత ఎలా పుడుతుందో చూద్దాం. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి సెకనుకు దాదాపు 39 మీటర్లు పోతుంది. సెకనుకు 25 బొమ్మలు తీసే మామూలు వీడియోలో ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య అది మీటరున్నర దాటేస్తుంది. సెకనుకు 300 బొమ్మలు తీసే కెమెరా పెట్టినా మధ్యలో 13 సెంటీమీటర్ల ఖాళీ ఉండనే ఉంటుంది. బంతి వ్యాసం ఏడు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. అంటే బంతి నేలను తాకిన సరిగ్గా ఆ క్షణం చాలాసార్లు ఏ బొమ్మలోనూ ఉండదు. పడకముందు దారిని ఒక వంపుగా, లేచాక దారిని మరో వంపుగా గీసి, రెండూ ఎక్కడ కలుస్తాయో లెక్కగట్టి ‘పిచ్ అయింది ఇక్కడ’ అంటారు. ఇంతకన్నా అసలైన చిక్కు మరొకటుంది. కెమెరా దేన్నైనా అణిచి బల్లపరుపు చేస్తుంది. బొమ్మలో బంతి ఫలానా చుక్క దగ్గరుందంటే, కెమెరా నుంచి ఆ చుక్క గుండా పోయే కిరణం మీద ఎక్కడో ఒకచోట ఉందని మాత్రమే అర్థం. దగ్గరో, దూరమో ఆ ఒక్క బొమ్మ చెప్పలేదు. అందుకే మైదానం చుట్టూ పైకప్పుల మీద అరడజను కెమెరాలు పెడతారు. రెండో కెమెరా కిరణం మొదటిదాన్ని ఎక్కడ ఖండిస్తే బంతి అక్కడున్నట్టు. పుస్తకంలో ఇంతే. మైదానంలో మాత్రం ఆ రెండు కిరణాలూ ఖండించుకోవు. గాలికి కెమెరా స్తంభం వెంట్రుకవాసి ఊగుతుంది, బంతి బొమ్మ కొద్దిగా అలుక్కుపోతుంది. సెకనులో వెయ్యోవంతు సేపు మూత తెరిచినా ఆ లోపల బంతి దాదాపు నాలుగు సెంటీమీటర్లు జరుగుతుంది. దాంతో ఒక కిరణం రెండోదాని మీదుగా కొన్ని మిల్లీమీటర్ల ఎత్తున తప్పించుకుపోతుంది. ఎక్కువ కెమెరాలు పెడితే ఒకదాన్నొకటి తప్పించుకునే కిరణాలు ఎక్కువవుతాయి. అన్నిటికీ మొత్తంమీద అతి తక్కువ దూరంలో ఉండే బిందువును వెతికి, ‘బంతి ఇక్కడ’ అనుకుంటారు. ప్యాడ్‌కి ముందున్న గీత కూడా, మనం చూశామని ప్రమాణం చేసే భాగం కూడా, అప్పటికే సగం లెక్క.

ప్యాడ్ తర్వాతిది పూర్తిగా లెక్క. భూమి కిందికి లాగుతుంది, గాలి వెనక్కి లాగుతుంది, స్పిన్ ఒక పక్కకు తోస్తుంది, కుట్టు వాలును బట్టి మెరుపున్న వైపూ గరుకు వైపూ గాలిని రెండు రకాలుగా తెంపుతాయి. బౌన్స్ అయ్యాక ఎంత దూరం కనబడిందో అదే ఆధారం. మీటరున్నర దారి కనబడితే ముందు దారి నమ్మకంగా చెప్పొచ్చు. యార్కర్ లాంటి బంతి నేలను తాకి ఒక జానెడు లేవగానే కాలికి తగిలితే, మహా అయితే రెండు బొమ్మల సాక్ష్యంతో తీర్పు చెప్పాలి. అదే కెమెరాలు, అదే సాఫ్ట్‌వేర్, కానీ రెండు గీతల విలువ ఒకటి కాదు. తెరమీద మాత్రం రెండూ ఒకే మందంలో, ఒకే రంగులో, ఒకే ధీమాతో కనబడతాయి.

ఇదంతా టీవీవాళ్ల గారడీ అనుకునేవాళ్లకు ఒక పాత కథ చెప్పాలి. ఈ గీతను గీసే హాక్-ఐ తొలిసారి బ్రిటన్ చానెల్ ఫోర్ ప్రసారంలో, 2001 లార్డ్స్ టెస్టులో కనిపించింది. కానీ ఆ పద్ధతికి నాలుగువందల ఏళ్లున్నాయి. కుజగ్రహం దారిని కొలవాలనుకున్న కెప్లర్‌కు ఉన్నది ఒకే కెమెరా, అంటే భూమి. పైగా ఆ కెమెరా కూడా పరిగెత్తుతోంది. కుజుడు 687 రోజులకొకసారి తన కక్ష్యలో అదే చోటికి వస్తాడు, అప్పటికి భూమి మాత్రం మరో చోట ఉంటుంది. 687 రోజుల ఎడంతో తీసుకున్న రెండు కొలతలంటే, కదలని కుజుణ్ణి రెండు కెమెరాలతో చూసినట్టే. ఆయన చేసిన పని అదే. దుర్భిణి లేని రోజుల్లో టైకో బ్రాహీ ఉత్తి కంటితో చేసిపెట్టిన కొలతలతో, గుండ్రటి కక్ష్య అనుకుని కట్టిన లెక్కకు 8 నిమిషాల కోణం తేడా వచ్చింది. నిండు చంద్రుడి వెడల్పులో పావువంతు. ఇంకొకరైతే కొలతలో తప్పని సర్దుకునేవారు. టైకో కొలతల్లో అంత పెద్ద తప్పుండదని కెప్లర్‌కు తెలుసు కాబట్టి కక్ష్యనే మార్చాడు. 1609లో అచ్చయిన ఆయన పుస్తకంతో వృత్తం పోయి దీర్ఘవృత్తం వచ్చింది. ఆయన గొప్పతనం లెక్కలో ఎంతుందో, కొలతలో తప్పు ఎంతవరకు ఉండగలదో తెలిసుండటంలోనూ అంతే ఉంది. ఆ హద్దు తెలియకపోతే 8 నిమిషాలు పెద్దదో చిన్నదో చెప్పడానికే లేదు. 1801 జనవరి 1న పలెర్మోలో పియాజీ కనిపెట్టిన సీరిస్ అనే చిన్న గ్రహం సంగతీ అలాంటిదే. ఫిబ్రవరి దాకా కొద్దిపాటి ఆకాశం మీద అది నడిచిన దారి కనబడింది, తర్వాత సూర్యుడి వెలుగు వెనక్కి వెళ్లి తప్పిపోయింది. ప్యాడ్ తగిలిన బంతిలాంటిదే అనుకోవచ్చు. 24 ఏళ్ల గణితవేత్త గౌస్ ఆ చిన్న తునక నుంచే మిగతా దారిని లెక్కగట్టాడు. ఆ ఏడాది చివర్లో అది ఆయన చెప్పిన చోటికి దగ్గర్లోనే దొరికింది. కొలతల్లో తలోవైపు లాగే చిన్న చిన్న తప్పులను కలిపి అన్నిటికీ దగ్గరైన దారిని వెతికే కనిష్ఠ వర్గాల పద్ధతిని 1809లో తన గ్రంథంలో వివరించాడు. కిరణాలు కలవనప్పుడు బంతిని వెతికే పద్ధతికి మూలం అదే.

మూడు దిక్కుల కదలిక అంటే ఒక దిక్కు కదలికను మూడుసార్లు కొలవడం కాదా అని అడగవచ్చు. కాదని తేల్చుకోవడానికి చేతిలో ఒక పుస్తకముంటే చాలు. ముఖచిత్రం మీ వైపు ఉండేలా నిలువుగా పట్టుకోండి. బొమ్మ మీ కుడిచేతి వైపు చూసేలా పావు చుట్టు తిప్పండి, తర్వాత పై అంచును మీకు అవతలి వైపు వాల్చండి. పుస్తకం అంచుమీద నిలబడి కుడిగోడను చూస్తుంటుంది. ఇప్పుడు మొదటికొచ్చి ముందు అవతలికి వాల్చి, తర్వాత అదే వైపు పావు చుట్టు తిప్పండి. ఈసారి వెల్లకిలా పడుకుని పైకప్పును చూస్తుంది. అవే రెండు మలుపులు, వరస మారేసరికి ఫలితం మారింది. కూడికలో ఇలా జరగదు, తిరగడంలో జరుగుతుంది. అందుకే తిరుగుతూ పోయే వస్తువు భంగిమలో వచ్చిన చిన్న తప్పు తర్వాతి ప్రతి కొలతనూ కొద్దికొద్దిగా పక్కదారి పట్టిస్తుంది. కొలిచే పరికరానికే ఒక దిక్కు తెలియని సందర్భాలు కూడా ఉంటాయి. విశాఖలో, మచిలీపట్నంలో ఉన్న డాప్లర్ రాడార్లు తుపాను గాలి వేగాన్ని కొలుస్తాయంటాం. నిజానికి ఒక రాడార్ కొలిచేది తనవైపు వచ్చే, తననుంచి పోయే వేగాన్ని మాత్రమే. అడ్డంగా వీచే గాలి ఎంత ఉధృతమైనా దానికి సున్నా. ఆ అడ్డగాలిని రెండో రాడారన్నా చెప్పాలి, తుపాను ఎలా సుడి తిరుగుతుందో తెలిసిన గణితమన్నా చెప్పాలి.

ఇప్పుడు ప్రశ్న ఇదీ: కొలత ఒకటి చెప్పి లెక్క మరొకటి చెబితే ఎవరి మాట వినాలి? ఈ ప్రశ్నకు రెండు నౌకలు రెండు రకాలుగా జవాబిచ్చి రెండూ కూలాయి. 2016 అక్టోబర్ 19న ఐరోపా వాళ్ల స్కియాపరెల్లీ కుజుడి మీదికి పారాచూట్‌తో దిగుతోంది. పారాచూట్ తెరుచుకున్న కుదుపుకి నౌక గట్టిగా ఊగింది, అది ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచే పరికరం తన గరిష్ఠ అంకె దగ్గరే దాదాపు ఒక సెకను ఇరుక్కుపోయింది. ఆ ఒక్క సెకను అంకెను కంప్యూటర్ నమ్మింది. భంగిమ తప్పుగా తేలింది, దానితో లెక్కగట్టిన ఎత్తు సున్నాకన్నా కిందికి పోయింది. నౌక నేల లోపల ఉన్నట్టు లెక్క. అప్పటికి అది నేలకు 3.7 కిలోమీటర్ల పైన ఉంది. నేలమీదికి చేరిపోయామనుకుని పారాచూట్ వదిలేసింది, రాకెట్లను మూడంటే మూడు సెకన్లు మండించి ఆపేసింది. ఎత్తు రుణసంఖ్య కాజాలదని స్కూలు పిల్లాడైనా చెబుతాడు. లెక్కకు ఆ మాత్రం నోరు ఇచ్చి ఉంటే సరిపోయేది. 2023 ఏప్రిల్‌లో జపాన్ కంపెనీ ఐస్పేస్ పంపిన హకుటో-ఆర్ ల్యాండర్ దీనికి పూర్తి తిరగేసిన కథ. చంద్రుడి మీద అట్లాస్ బిలం అంచును దాటగానే కింద నేల దాదాపు మూడు కిలోమీటర్లు పడిపోయింది. ఎత్తు కొలిచే పరికరం ఆ సంగతి సరిగ్గానే చెప్పింది. ఎత్తు ఒక్కసారిగా అంత పెరగదని సాఫ్ట్‌వేర్ నమ్మకం. కాబట్టి పరికరం పాడైందనుకుని దాని మాట వినడం మానేసింది. తన లెక్కలో నేల తగిలింది, నిజంలో నేల ఇంకా ఐదు కిలోమీటర్ల కింద ఉంది. నౌక అక్కడే తేలుతూ ఇంధనం అయిపోయి పడిపోయింది. ఒకటి కన్నును నమ్మి పోయింది, ఇంకొకటి కన్నును నమ్మక పోయింది.

ఈ తగవుకు తీర్పు చెప్పే గణితం 1960లో రుడాల్ఫ్ కాల్మన్ రాసిన వ్యాసంలో వచ్చింది. అపోలో నౌకల దారి లెక్కలకు వెంటనే అక్కరకొచ్చింది. ఇవాళ మన జేబులో ఫోన్ నడిరోడ్డు మీద మన చుక్కను కదిలించేటప్పుడు కూడా దాని వారసులే పనిచేస్తుంటాయి. అందులో కిటుకు చెప్పుకోవడానికి చిన్నదే. ప్రతి అంకెకూ దాని పక్కన ఇంకో అంకె ఉండాలి, ‘నేను ఎంత తప్పు అయ్యుండొచ్చు’ అని చెప్పేది. లెక్క చెప్పిన చోటుకీ, కొలత చెప్పిన చోటుకీ మధ్య ఎక్కడ నిలబడాలో ఈ రెండో అంకెలే నిర్ణయిస్తాయి. పరికరం నమ్మదగినదైతే కొలతవైపు, మొరాయిస్తుంటే లెక్కవైపు మొగ్గు. రెండో అంకెను తప్పుగా రాస్తే మొదటి అంకె ఎంత చక్కగా ఉన్నా ఫలితం పైన చెప్పిన రెండు నౌకల గతే. శ్రీహరికోటలో ఈ లెక్క ప్రాణాలతో ముడిపడి ఉంటుంది. పైకి లేచిన రాకెట్ ఎక్కడుందన్నది ఒక్కటే కాదు, ఈ క్షణాన ఇంజన్లు ఆగిపోతే శకలాలు ఎక్కడ పడతాయన్నది కూడా రాడార్ల సమాచారంతో అనుక్షణం గీస్తుంటారు. అది కూడా జరగని ప్రయాణమే, తెరమీది బంతి గీతకు పెద్దన్న. 2010 డిసెంబర్ 25న జీఎస్ఎల్‌వీ-ఎఫ్06 నింగికెగిరిన 47 సెకన్లకు అదుపు తప్పింది. 64వ సెకనుకు నేలమీద నుంచి పేల్చివేత ఆదేశం వెళ్లింది. ‘ఇంకా నిశ్చయంగా తెలియనీ’ అనుకునే వెసులుబాటు ఆ నియంత్రణ గదిలో ఉండదు. సందేహానికి ముందే హద్దు గీసిపెట్టుకుంటారు, గీత దాటితే చెయ్యి దానంతటదే కదలాలి.

చంద్రయాన్ కథను కూడా ఇలాగే చదవొచ్చు. 2019 సెప్టెంబర్‌లో కూలిపోయిన చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ దిగాల్సిన చోటు అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు. ఇంజన్లు అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువ తోశాయి, ఆ తేడాలు పోగుపడ్డాయి, వాటిని సవరించుకోవడానికి నౌక తిరగగలిగే వేగానికి సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన హద్దు చాలలేదు, ఆ పైన ఇరుకు గమ్యాన్ని చేరాలన్న ఆరాటం. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పుడు గమ్యం సుమారు నాలుగు కిలోమీటర్ల పొడవు, రెండున్నర కిలోమీటర్ల వెడల్పు. కాళ్లు గట్టిపరిచారు, ఇంధనం పెంచారు. మూడు దిక్కుల్లోనూ వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ డాప్లర్ పరికరం కొత్తగా చేర్చారు. కొత్త కన్ను వచ్చింది నిజమే, కానీ మిగతావన్నీ తప్పుకు చోటు పెంచడమే. పొరపాటు జరగదని కాదు, ఇంత పొరపాటు జరిగినా ఫరవాలేదని ఒప్పుకుని కట్టిన నౌక అది.

ఇక మైదానానికి వద్దాం. అంపైర్స్ కాల్ మీద ఫిర్యాదు చేసేవాళ్లు చిన్నవాళ్లు కారు. 2021 మార్చిలో విరాట్ కోహ్లీ ఇది గందరగోళమని బాహాటంగానే అన్నాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే అప్పట్లో కుంబ్లే అధ్యక్షతన ఉన్న ఐసీసీ క్రికెట్ కమిటీ దీన్ని అలాగే ఉంచాలని తేల్చింది. ఫిర్యాదులో బలముంది: ఒకే బంతి, ఒకే గీత, మైదానంలో అంపైర్ వేలెత్తితే ఔట్, ఎత్తకపోతే నాటౌట్. ఇదేం న్యాయం? జవాబు కోర్టులో దొరుకుతుంది. పై కోర్టు కేసును కొత్తగా విచారించదు, కింది తీర్పులో స్పష్టమైన తప్పుందా అని చూస్తుంది. సాక్ష్యం రెండువైపులా ఊగుతుంటే కింది తీర్పు నిలుస్తుంది. బంతి సగంకన్నా తక్కువ వికెట్‌ను తాకుతోందంటే, అంటే మూడున్నర సెంటీమీటర్లకు లోపు తేడాలో ఉందంటే, తీర్పు తిరగరాసేంత ఆధారం లేదని అర్థం. 2011 ప్రపంచకప్‌లో ఫిబ్రవరి 27న బెంగళూరులో యువరాజ్ బంతికి ఇంగ్లండ్ బ్యాటర్ ఇయాన్ బెల్ మీద అప్పీలు గుర్తుండే ఉంటుంది. గీత మిడిల్ స్టంప్‌ను పడగొడుతున్నట్టు కనిపించింది, నాటౌట్ మాత్రం మారలేదు. బంతి కాలికి తగిలిన చోటు వికెట్లకు రెండున్నర మీటర్లకు పైగా దూరం, అంత దూరం లెక్కను నమ్మొద్దని అప్పటి నిబంధన. మ్యాచ్ 338 దగ్గర టై అయింది, ధోనీ కస్సుమన్నాడు, దేశమంతా తోడుగా కస్సుమంది. కానీ అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టిచూసే దేశం, ఎన్ని మెతుకులు పట్టుకుంటే ఎంత నమ్మొచ్చో అడిగిన ఆ నిబంధనకు కాస్త మర్యాద ఇచ్చి ఉండాల్సింది.

నేను ఒప్పుకోవాల్సింది కూడా ఒకటుంది. సగం బంతి అన్న హద్దు మొద్దు హద్దు. యార్కర్‌కీ, మీటరున్నర కనబడిన బంతికీ ఒకే మినహాయింపు ఇవ్వడం తర్కానికి నిలవదు. బంతి బంతికీ సందేహం ఎంతో లోపల లెక్కగట్టగలిగినప్పుడు దాన్ని దాచి అందరికీ ఒకే కొలబద్ద పెట్టడం కేవలం సౌకర్యం కోసం. అయితే దీనికి మందు సందేహాన్ని తీసెయ్యడం కాదు. తీసేస్తే ఏమవుతుందో టెన్నిస్ చూపించింది. 2007 వింబుల్డన్ ఫైనల్లో నాదల్ కొట్టిన బంతి ఒక్క మిల్లీమీటరు తేడాతో లోపలే పడిందని హాక్-ఐ తేల్చింది, ఫెదరర్ ఆ యంత్రాన్ని ఆపెయ్యమని అంపైర్‌తో గొడవపడ్డాడు. అప్పట్లో ఆ యంత్రం సగటు తప్పు 3.6 మిల్లీమీటర్లని దాని తయారీదార్ల మాటే. మిల్లీమీటరు తీర్పు ఏ లెక్కన చెప్పారని కార్డిఫ్ సామాజిక శాస్త్రవేత్తలు కాలిన్స్, ఎవాన్స్ 2008లో ఒక వ్యాసంలో నిలదీశారు. వాళ్లు యంత్రాన్ని వద్దనలేదు, తప్పు ఎంతో తెరమీదే చూపించమన్నారు. 2025లో వింబుల్డన్ గీతల దగ్గర మనుషులను పూర్తిగా తీసేసింది. ఆ ఏడాదే సెంటర్ కోర్టులో కార్టల్, పవ్లుచెంకోవా ఆడుతుండగా యంత్రం ఒకవైపు పొరపాటున ఆగి ఉంది. బంతి బయట పడిందని అందరికీ కనబడింది, అరిచేందుకు ఎవరూ లేరు, పాయింట్ మళ్లీ ఆడించారు.

సందేహం చూపిస్తే జనం నమ్మరన్న భయం టీవీవాళ్లది. కోస్తాంధ్రకు వస్తే ఆ భయం పోతుంది. బంగాళాఖాతంలో తుపాను పుట్టగానే వాతావరణ శాఖ ఇచ్చే పటంలో దారి ఒక గీత కాదు, ఈ రోజు దగ్గర సన్నగా మొదలై మూడో రోజుకు వెడల్పయ్యే గరాటు. ఆ గరాటు కాకినాడ నుంచి గోపాల్‌పూర్ దాకా పరుచుకుంటే అధికారులూ, పడవలవాళ్లూ దాన్ని పనికిరాని పటమని పారెయ్యరు. ఎంతమందిని తరలించాలో, ఏ రేవులో ఏ నంబర్ ప్రమాద సూచిక ఎగరెయ్యాలో దాన్నిబట్టే తేల్చుకుంటారు. బంతి గీతను కూడా అలా గియ్యడానికి అడ్డేమీ లేదు: ప్యాడ్ దగ్గర దారంలా మొదలై, బౌన్స్ తర్వాత ఎంత కనబడిందో దాన్నిబట్టి వెడల్పవుతూ, అంచులు పలచబడుతూ వికెట్లను చేరే పట్టీ. మీటరున్నర కనబడిన బంతికి ఆ పట్టీ సన్నగానే ఉంటుంది. నేలను తాకగానే కాలికి తగిలిన యార్కర్‌కు అంతకన్నా వెడల్పుగా పరుచుకుంటుంది. బెల్ కాలికి తగిలిన బంతికి ఎంత వెడల్పు ఉండేదో గీసి చూపించి ఉంటే, ఆ రాత్రి బెంగళూరులో గోల ఇంకో రకంగా ఉండేది.